మాట మధ్యలో పాట

ఎకువా బెంట్సిల్ మామ్మ తన తొంభై పైచిలుకు ఏళ్ళ బతుకులో ఎవరినీ ఒక్క మాట పూర్తిగా చెప్పనివ్వలేదు. మాటకి మాట అడ్డం వేసే రకం అనుకునేరు, కాదు. ఆవిడ పాట అడ్డం వేసేది. ఎదుటి మనిషి నోరు తెరిచి వాక్యంలో సగం దాటాడో లేదో, ఆవిడ కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి గాల్లోకి లేపి, దేవుడి పాట ఒకటి ఎత్తుకునేది. ఆ పాట ముగిసేసరికి ఎదుటి మనిషికి తను ఏం చెప్పబోయాడో గుర్తుండేది కాదు. గుర్తున్నా, చెప్పాలన్న కోరిక చచ్చిపోయేది.

ఆవిడ పోయిన రోజు సంగతే చూడండి. డాక్టరు మంచం పక్కన నిలబడి, "అమ్మా, ధైర్యం తెచ్చుకోండి, మేం చేయగలిగిందంతా చేశాం, ఆవిడ ఏ బాధా లేకుండా వెళ్ళిపోయారు" అన్నాడు. వాక్యం మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, ఏ అడ్డూ లేకుండా అనేశాడు. మనవరాలు అరబాకి అప్పుడు నమ్మకం కుదిరింది, అమ్మమ్మ నిజంగానే పోయిందని. ఏడుపుతో పాటు నవ్వు కూడా తన్నుకొచ్చింది పాపం. ఆ డాక్టరు ఏమీ అర్థం కాక నర్సు వైపు చూశాడు.

అసలు తప్పంతా ఆ చర్చిది. సముద్రం ఒడ్డున అపామ్ ఊళ్ళో, గుట్ట మీది చర్చిలో ఒక ఆచారం ఉంది. పాస్టరు ప్రసంగిస్తూండగా ఏ పెద్దావిడకైనా మనసు పొంగితే, కూర్చున్న చోటనే పాట ఎత్తుకోవచ్చు. సంఘమంతా వంత పాడుతుంది. పాట అయ్యేదాకా పాస్టరు బల్ల పట్టుకుని, తల ఊపుతూ నిలబడాలి. ఎంతటివాడైనా సరే, పాట నడుస్తూండగా మాట్లాడకూడదు. మాట్లాడితే దేవుడికే అడ్డం వచ్చినట్టు లెక్క. మిగతా పెద్దావిడలు ఈ హక్కుని పండగ బట్టలా పెట్టెలో దాచుకుని, ఎప్పుడో ఒకసారి బయటికి తీసేవారు. ఎకువా మామ్మ దాన్ని రోజూ కట్టేసేది.

పైగా ఆవిడ పాటలు ఏ పుస్తకంలోనూ ఉండవు. అప్పటికప్పుడు కట్టేది. ఆవిడకి చదువు రాదు. బైబిలంతా చెవితో నేర్చుకుంది. చెవికి అందనిచోట సొంత బుర్ర వాడింది. అందుకని ఆవిడ పాటలో నోవహు ఓడకి వెనక ఇంజను ఉండేది. పేతురు యేసుని ఎరగనన్నది తెల్లారుజామున వేడి కెంకే, అదే మొక్కజొన్న ముద్ద, కోసం వరసలో నిలబడి ఉన్నప్పుడు. ఇక లోతు భార్య ఉప్పుస్తంభం కథ వచ్చిందంటే పాస్టరు తల పట్టుకునేవాడు.

"మామ్మా, లోతు భార్య వెనక్కి తిరిగి చూసింది దేవుడి మాట వినక. పొగపొయ్యి మీద చేపలు మాడుతున్నాయని కాదు" అన్నాడాయన ఒకసారి, బతిమాలుతున్నట్టుగా.

"పొయ్యి మీద చేపలు పెట్టి వచ్చిన ఆడది వెనక్కి చూడకుండా ఎలా ఉంటుంది నాయనా? నువ్వెప్పుడైనా చేపలు పొగబెట్టావా?"

పాస్టరు ఎప్పుడూ పొగబెట్టలేదు. అక్కడితో ఆ వాదన అయిపోయింది.

ఈ పాస్టరు పేరు అబ్బాన్. బక్కపలచని మనిషి, పెద్ద కళ్ళద్దాలు. ఆ చర్చికి వచ్చిన మొదటి ఆదివారమే, "ఇవాళ్టి వాక్యంలో మూడు అంశాలున్నాయి" అని ఘనంగా ప్రకటించాడు. మొదటి అంశం అయింది. రెండోది అయింది. "ఇక మూడో అంశం..." అంటూ ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. మామ్మ చెయ్యి లేచింది. యోనా చేప కడుపులోకి వెళ్ళాడు, లోపల ఒక మూలన కూర్చున్నాడు, చేప కడుపంతా తిరిగి చూశాడు, ఎంతకీ బయటికి రాడు. వచ్చేసరికి మధ్యాహ్నమైంది. జనానికి ఆకలేసింది. ఆశీర్వాదం ఇచ్చి పంపేశారు.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. ప్రతి ఆదివారం మూడు అంశాలే. ప్రతి ఆదివారం మూడోదాని దగ్గర మామ్మే. అబ్బాన్ పాస్టరు చర్చి గుమ్మం దగ్గర నిలబడి నిట్టూర్చేవాడు. "మూడోది అసలైనది. వచ్చేవారం తప్పకుండా చెబుతాను" అనేవాడు. మూడో అంశం ఏమిటో ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆయన భార్యకి కూడా తెలియదు.

ఇంటి సంగతి వేరే ఏం ఉంటుంది? మామ్మ మొగుడు క్వామెనా పడవ యజమాని. మంచివాడే, ముక్కు మీద కోపం. వేటకి పోకూడదని ఆచారమున్న మంగళవారాల్లో ఏం తోచక పెళ్ళాంతో తగువు పెట్టుకుందామని కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు.

"ఎకువా! ఇవాళ నీతో తేల్చుకోవలసిన విషయం ఒకటుంది."

"చెప్పండి."

"అసలు ఈ ఇంట్లో నా మాటకి..."

అంతే, మామ్మ దానియేలుని సింహాల గుహలోకి దింపేసేది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే క్వామెనా చర్చి పాటల జట్టులో మంద్రంగా లోగొంతు పాడేవాడు. సింహాల గర్జన వచ్చే చోట లోగొంతు కలవకపోతే ఆయన ప్రాణం ఊరుకోదు. తిట్టడానికి తెరిచిన నోటితోనే గర్జించేవాడు. గర్జించాక ఇంకా ఏం తిడతాడు? గిన్నెడు చేపల పులుసు తాగి పడుకునేవాడు. కాపురం చేసినన్నాళ్ళూ ఒక్క తగువు కూడా పూర్తి చేయలేకపోయానని స్నేహితుల దగ్గర మొత్తుకునేవాడు.

చేపల బజారులో జరిగింది మరీ అన్యాయం. ఒకరోజు ఇద్దరు ఆడవాళ్ళు తట్టలు దించి జుట్టు జుట్టు పట్టుకున్నారు. బజారంతా బేరాలు ఆపి చెవులు రిక్కించింది. ఒకావిడ నడుం మీద చేతులు పెట్టుకుని, రెండో ఆవిడతో, "నోరు మూసుకో! నీ మొగుడు మొన్న ఊరికెళ్ళానని చెప్పి ఎవరింట్లో ఉన్నాడో..." అంది. బజారు ఊపిరి బిగబట్టింది. ఆ క్షణాన, ఆ తట్టల మధ్యలోంచి, మామ్మ పాట లేచింది. ఎర్ర సముద్రం చీలింది. ఇశ్రాయేలు జనం ఒక్కొక్కరుగా, పిల్లా పాపా మూటా ముల్లె గొడ్డూ గోదాతో నడిచి దాటారు. ఎవరినీ వెనకాల వదల్లేదు. అందరూ దాటేసరికి ఆ మొగుడుగారి పెళ్ళాం తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. తిట్టిన ఆవిడ కూడా చప్పబడిపోయింది. ఆ మొగుడు ఎవరింట్లో ఉన్నాడో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఆ ఊరికి అదొక తీరని లోటు.

ఈ పాటల దెబ్బ ఊరందరికీ తగిలినా, ఎక్కువ తిన్నది మాత్రం అరబా. అరబాకి తల్లి లేదు. మామ్మ ఒక్కగానొక్క కూతురు ఎస్తేరు సెకొండీ ఊళ్ళో పురిట్లో పోయిందనీ, పసిగుడ్డుని మామ్మ తెచ్చి పెంచుకుందనీ అందరూ చెప్పే మాట. మామ్మకి మనవరాలంటే పంచప్రాణాలు. కానీ బడికి వెళ్ళే పిల్లకి ప్రాణం కంటే పరువు ముఖ్యం. బహుమతుల రోజున పెద్ద టీచరు అరబాని వేదిక మీదికి పిలిచి, "ఎంత చక్కగా చదువుతుందో! ఈ అమ్మాయి వాళ్ళ అమ్మ ఎవరో..." అని ముచ్చటపడబోయింది. చివరి బెంచీలోంచి మామ్మ గొంతు లేచి రేకుల కప్పుని తాకింది. అరబా పుస్తకం చేత్తో పట్టుకుని, పాట ముగిసేదాకా అందరి ముందూ నిలబడి ఉంది. ఆ రోజు నుంచి పిల్లలు దాన్ని "రేడియో మనవరాలా" అని పిలిచారు.

"ఎందుకే అమ్మమ్మా ఇలా చేస్తావ్?" అని ఇంటికొచ్చి ఏడ్చింది.

"ఏం చేశానే? పాట వచ్చింది, పాడాను. తుమ్ము వస్తే తుమ్మమా?"

"టీచరు మాట్లాడుతుంటేనా?"

"తుమ్ముకి టీచరని తెలుస్తుందా?"

అరబా పెద్దదైంది, తనూ టీచరైంది. అదే తీరంలో వినెబా ఊరి కుర్రాడు ఫిఫీ ఐసన్ మీద మనసుపడింది. అతను చెక్కపడవలకి రంగులేసి, వాటి మీద పేర్లు రాసే పని చేస్తాడు. మంచివాడు, నవ్వు మొహం. అతన్ని పెంచింది వాళ్ళ అమ్మ అక్క సబీనా. వినెబా చేపల బజారులో సబీనా మాటకి ఎదురు లేదు. ఆవిడతో బేరమాడినవాళ్ళు అసలు ధరకంటే ఎక్కువిచ్చి, పైగా క్షమాపణ చెప్పి వెళతారని చెప్పుకునేవారు.

ఆ తీరంలో వంశం తల్లి వైపు నుంచే వస్తుంది. తల్లిది ఏ వంశమైతే పిల్లలదీ అదే. తల్లి ఎవరో తెలియని పిల్లకి వంశం లేదు. ఆ పిల్ల కనే బిడ్డలకీ ఉండదు. పేరు పెట్టేవాళ్ళుండరు, పోతే భుజం పట్టేవాళ్ళుండరు. అందుకని పిల్లని అడగడానికి వచ్చినప్పుడు సబీనా పద్ధతి ప్రకారం ఆ ముచ్చటే ఎత్తింది.

"మీ తోటలో చక్కటి పువ్వొకటి చూశాం. మా అబ్బాయికి నచ్చింది. అయితే మామ్మగారూ, ఈ పువ్వు ఏ కొమ్మకి..."

మామ్మ పాట ఎత్తుకుంది. ఏదెను తోట పాట, సందర్భానికి సరిపోయిందని అందరూ మెచ్చుకున్నారు. పాట అయ్యాక సబీనా నవ్వుతూ మళ్ళీ అడిగింది. "బాగుంది. ఇంతకీ ఏ కొమ్మ..." మామ్మ మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి సొలొమోను పాట. మూడోసారి సబీనా నోరు తెరవనేలేదు. మామ్మ వైపు ఒక్క చూపు చూసి, కళ్ళు చిన్నవి చేసింది. బజారులో కుళ్ళిన చేపని అడుగున దాచినవాళ్ళని చూసే చూపది.

ఇదేమీ అరబా గమనించలేదు. దాని గోల దానిది.

"అమ్మమ్మా, నువ్వు నాకొక మాట ఇవ్వాలి."

"ఏంటే?"

"నా పెళ్ళిలో నువ్వు పాడకూడదు. పాస్టరు ప్రసంగం పూర్తిగా చెప్పాలి. ప్రమాణాలు పూర్తిగా చెప్పాలి. పుట్టి బుద్ధెరిగాక నా జీవితంలో ఒక్క పనైనా మొదలుపెట్టింది మొదలుపెట్టినట్టు పూర్తవ్వాలి."

మామ్మ మొహం వాడిపోయింది. "ఒక చిన్న చరణం కూడానా?"

"చిన్న చరణం కూడా వద్దు. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పు."

మామ్మ చెయ్యి పెట్టింది. "నువ్వు పాడమంటే తప్ప పాడను" అంది. బెంట్సిల్ వంశంలో ఎవరూ అలా బైబిలు మీద చెయ్యిపెట్టి చెప్పి తప్పలేదు. తప్పితే అదే చేత్తో చేప తినకూడదని ఇంటి నియమం. చేప లేకుండా మామ్మ బతకదు.

పెళ్ళిరోజు చర్చి కిటకిటలాడింది. వినెబా వాళ్ళు ఒక వైపు, అపామ్ వాళ్ళు ఒక వైపు. అరబా తెల్లటి గౌనులో, ఫిఫీ కొత్త కోటులో నిలబడ్డారు. ఫిఫీ చేతుల గోళ్ళకి ఇంకా నీలం రంగు అంటుకునే ఉంది. మామ్మ మొదటి వరసలో కూర్చుని తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కనున్నవాళ్ళు కంగారుపడ్డారు. "మామ్మా, ఒంట్లో బాగోలేదా? నీళ్ళు తాగుతావా?" అని చెవిలో అడిగారు. మామ్మ తల అడ్డంగా ఊపింది.

అబ్బాన్ పాస్టరు ప్రసంగం మొదలుపెట్టాడు. మొదటి అంశం, ప్రేమ. రెండో అంశం, ఓర్పు. "ఇక మూడో అంశం..." అని అలవాటు ప్రకారం ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, మామ్మ వైపు చూశాడు. మామ్మ కదల్లేదు. పాస్టరు ఇంకోసారి, గట్టిగా, "మూడో అంశం!" అన్నాడు. జనమంతా ముందుకి వంగారు. ఇన్నాళ్ళకి తెలియబోతోందన్న ఉత్సాహం అందరి మొహాల్లోనూ ఉంది. పాస్టరు కాగితం తిప్పి చూశాడు. వెనక వైపు ఖాళీ.

"మూడో అంశం... మొదటి రెండూ మరచిపోవద్దు" అన్నాడు నీరసంగా.

ఇంతేనా అన్నట్టు చర్చి నిట్టూర్చింది. ఆయన భార్య తల వంచుకుంది. పాస్టరు తొందరగా పెళ్ళి పుస్తకంలోకి దూకాడు. "ఈ ఇద్దరి పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి. లేదంటే ఇక ఎన్నడూ..."

"నాకుంది" అంటూ సబీనా లేచింది.

ఫిఫీ వెనక్కి తిరిగాడు. "పెద్దమ్మా! ఏంటిది?"

"ఉండరా. నీ మంచికే. నేను ఎవరినీ అవమానించడానికి లేవలేదు. అడగవలసిన రోజున ఇంటికెళ్ళి అడిగితే పాటలు వినిపించారు. నాకూ చెవులున్నాయి, నాకూ తెలిసినవాళ్ళున్నారు. నీ పిల్లలకి వంశమేదో నేను కనుక్కోవద్దా? పాస్టరుగారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈ పిల్ల ఎస్తేరు కడుపున పుట్టలేదు. ఈ పిల్లకి..."

ఒక మనిషి పుట్టుక గురించి నలుగురిలో నోరెత్తడం ఆ తీరంలో కత్తి దూయడం లాంటిది. ఎవరూ ఎత్తరు. అపామ్ వాళ్ళు కొయ్యబారిపోయారు. అరబా అమ్మమ్మ వైపు తిరిగింది.

మామ్మ మొహం ఎప్పుడూ అలా చూడలేదు అరబా. తుఫానుకి క్వామెనా తాత పడవ తిరిగి రానప్పుడు కూడా అలా లేదు. తలగుడ్డ రెండు చేతులతో నోటికి అదిమి పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. కుడిచెయ్యి దానంతట అదే లేస్తోంది, ఎడమచేత్తో దాన్ని కిందికి లాగుతోంది. ఇచ్చిన మాట ఇచ్చినట్టే నిలబెడుతోంది పిచ్చిది.

ఆ ఒక్క క్షణంలో అరబాకి అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి. వేదిక మీద టీచరు ఏ మాట దగ్గర ఆగిపోయిందో. పెళ్ళిమాటలప్పుడు పాట ఎక్కడ మొదలైందో. బజారులో ఆవిడ మొగుడి ఊసు ఎక్కడ తెగిందో. అమ్మమ్మ అందరి మాటలకీ అడ్డం రాలేదు. ఎవరి తలో తెగిపడబోయే చోటనే వచ్చింది. ప్రతిసారీ అక్కడే వచ్చింది. ఇంత చదువు చదువుకున్నదానికి అది ఇన్నాళ్ళూ తట్టలేదు.

"అమ్మమ్మా" అంది అరబా, చర్చంతా వినబడేలా. "పాడవే!"

మామ్మ నోట్లోంచి తలగుడ్డ ఊడిపడింది. ఆ పాట ఎలా వచ్చిందనుకున్నారు! పొద్దుటి నుంచి బిగబట్టిన పాట అది. పావురాలు గూళ్ళలోంచి లేచిపోయాయి.

"నది ఒడ్డున, రెల్లు పొదలో, బుట్టలో దొరికిన మోషే ఎవరి బిడ్డ?"

అపామ్ వైపు బెంచీలన్నీ ఒకేసారి పలికాయి. "మన బిడ్డ! మన బిడ్డ!"

"ఫరో కూతురు నీళ్ళలోంచి ఎత్తుకుంటే, నీ కడుపున పుట్టాడా అని దేవుడు అడిగాడా?"

"అడగలేదు! అడగలేదు!"

"దేవుడే అడగనిది అడగడానికి ఎవరొచ్చారు? ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"వినెబా నుంచి!" అని వెనక బెంచీలోంచి ఎవడో కొంటెవాడు అరిచాడు. చర్చి గొల్లుమంది. వినెబా వాళ్ళూ నవ్వు ఆపుకోలేకపోయారు.

సబీనా నిలబడే ఉంది. మాట్లాడ్డానికి లేదు, పాట నడుస్తోంది. కూర్చోడానికి లేదు, అభ్యంతరం సగంలో ఉంది. పాటకి సందు ఎక్కడ దొరుకుతుందా అని నోరు తెరుస్తోంది, మూస్తోంది. మామ్మ సందివ్వడం లేదు. జనం వంత పాడుతున్నప్పుడు ఊపిరి పీల్చుకుని, వంత ముగియకముందే తర్వాతి చరణం ఎత్తుకుంటోంది.

"ఈ బిడ్డ నాలుక మీద నీళ్ళ చుక్క వేసి, నీళ్ళని నీళ్ళనే చెప్పమని, అబద్ధమాడొద్దని దీవించి పేరు పెట్టింది ఎవరు?"

"మనమే! మనమే!"

"ఈ బిడ్డకి వంశం లేదంటే, మరి ఈ ముసలిదాని వంశం ఎవరిది?"

అప్పుడు వెనక మూల నుంచి ఒటూ తాత లేచాడు. ఆయన బెంట్సిల్ వంశపెద్ద. ప్రతి ఆదివారం మొదటి అంశం దగ్గరే నిద్రపోయి ఆశీర్వాదానికి లేచే మనిషి. ఆయన కర్ర పక్కన పెట్టి, జేబులోంచి తెల్ల రుమాలు తీసి, తలపైకి ఎత్తి ఊపుతూ, అడుగులు వేస్తూ నడవలోకి వచ్చాడు. వంశపెద్ద రుమాలు ఊపాడంటే పిల్లని వంశం ఒప్పుకున్నట్టే, ఇక సాక్ష్యాలక్కర్లేదు. ఆయన ఊపుతూ ఊపుతూ సబీనా ముందుకి వచ్చి ఆగాడు.

సబీనా ఆ రుమాలు వైపు చూసింది. అరబా వైపు చూసింది. ఫిఫీ అప్పటికే గొంతు చించుకుని "మన బిడ్డ" అని పాడుతున్నాడు, ఒక్క ముక్క తాళం లేకుండా. సబీనా అడగవలసింది అడిగింది. దానికి జవాబు నిండు చర్చిలో, వంశపెద్ద చేత్తో వచ్చింది. అంతకంటే గట్టి జవాబు ఏ బజారులో దొరుకుతుంది? పైగా ఆవిడా చర్చి ఆడదే, కాళ్ళు ఎంతసేపని ఊరుకుంటాయి? ముందు మడమ కదిలింది. తర్వాత నడుం కదిలింది. తర్వాత ఆవిడే చేతులు చరుస్తూ, "మన బిడ్డ! మన బిడ్డ!" అని బజారు గొంతుతో అందుకుంది. అపామ్ వైపు వాళ్ళ గొంతులన్నీ ఆ ఒక్క గొంతు కింద మునిగిపోయాయి.

పాట ముగిసింది. పాస్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఇంకెవరికైనా..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. మామ్మ గొంతు సవరించుకుంది.

"ఎవరికీ లేదు, ఎవరికీ లేదు!" అన్నాడాయన గబగబా. ప్రమాణాలు ఒక్క గుక్కలో చెప్పించేశాడు.

సాయంత్రం మామ్మ ఇంటి పెరట్లో విందు. సబీనా వంటల దగ్గర చేరి అందరి మీదా పెత్తనం మొదలుపెట్టింది. అబ్బాన్ పాస్టరు కెంకే ముద్ద చేత్తో పట్టుకుని అరబా దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నేనొక మాట చెప్పాలి. నేనొచ్చిన మొదటి ఆదివారం ప్రసంగం కాగితం ఇంట్లో మరచిపోయాను. రెండు అంశాలు నోటికొచ్చు, మూడోది ఒక్క ముక్క గుర్తులేదు. సరిగ్గా అప్పుడు మీ అమ్మమ్మ యోనాని చేప కడుపులోకి పంపింది. నన్ను బయట పడేసింది. ఆ తర్వాత నేనసలు మూడోది రాయడమే మానేశాను. ఇవాళ నువ్వు ఆవిడ నోరు కట్టేసి నన్ను నట్టేట ముంచావు."

అరబా పగలబడి నవ్వింది. ఆయన వెళ్ళాక లేచి వచ్చి, చేప ముల్లు తీసుకుంటున్న మామ్మ పక్కన చాప మీద కూర్చుంది. తెల్ల గౌనుకి మసి అంటుకుంటుందని కూడా చూసుకోలేదు.

"అమ్మమ్మా, నేను ఎవరి బిడ్డని?"

మామ్మ కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి లేచింది. అరబా ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"పాటొద్దు. మాటల్లో చెప్పు."

మామ్మ చేపని పక్కన పెట్టింది. "ఆవిడ పేరు లారిబా" అంది. "ఉత్తరాది మనిషి. ఉల్లిపాయలు తెచ్చి అమ్మి, ఉప్పుచేప కట్టించుకు వెళ్ళేది. వచ్చినప్పుడల్లా మనింట్లోనే పడుకునేది. నిన్ను కన్నాక జ్వరం పట్టుకుంది, వారం తిరక్కుండా పోయింది. వాళ్ళ వైపు ఎంత కబురు పంపినా ఎవరూ రాలేదు. మా ఎస్తేరు అంతకు ముందే పోయింది. నాకు కూతురు లేదు, నీకు తల్లి లేదు. ఒక్క అబద్ధంతో ఇద్దరి లోటూ తీరిపోతుందనిపించింది. ముందు దేవుడికి చెప్పే చేశాను. ఆయనేమీ అనలేదు."

"ఆయన్నయినా ఏమన్నా అననిచ్చావా?"

మామ్మకి నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది.

"మరి ఊరందరికీ తెలుసా?"

"లారిబాని మోసుకెళ్ళి పూడ్చింది వాళ్ళే కదే. తెలియకేం? తెలిసినా ఎవరూ అనలేదు, అనకూడదు. అయినా మనుషుల నోరు కదా, ఎప్పుడు జారుతుందో ఏమో అని నా జాగ్రత్తలో నేనుండేదాన్ని."

"నాకైనా చెప్పకపోయావా?"

"చెబుదామనే ఎన్నోసార్లు పిలిచాను. నోరు తెరిస్తే పాటొచ్చేసేది. నాకు నేనే అడ్డమైపోయాను." మామ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "కోపంగా ఉందా?"

"లేదు. ఆవిడలా ఉంటానా నేను?"

"ఒకే కుండలో తింటే మొహాలు కలుస్తాయి, నీ మొహం నాదయిపోయింది. నడక నా దగ్గర నేర్చావు. మంకుతనం క్వామెనా తాతది, అందులో అనుమానమే లేదు."

ఇంతలో అవతల జనం కృతజ్ఞత పాట మొదలుపెట్టారు. అరబా కూడా చాప మీద నుంచే గొంతు కలిపింది. పాట ఒక వైపు పోతూంటే ఆ గొంతు ఇంకో వైపు పోయింది. ఫిఫీ దూరం నుంచి ప్రేమగా చెయ్యి ఊపాడు. మామ్మ మాత్రం మొహం చిట్లించింది.

"గొంతు మాత్రం అచ్చం మీ అమ్మదే" అంది. "అలాగే పాడుకుంటూ చేపలు ఏరుకునేది. పిల్లులు బజారు వదిలి పోయేవి. నేను అన్నీ కప్పగలిగాను గానీ, ఎంత పాడినా దాన్ని మాత్రం కప్పలేకపోయాను."

అరబా కళ్ళు తుడుచుకుని, ఆ గొంతుతోనే, ఇంకాస్త గట్టిగా పాడింది. గోడ మీద చేప వాసనకి కూర్చున్న పిల్లి లేచి వెళ్ళిపోయింది.